తెల్ల పడుగుకు రాగి గంజి

మొన్న బడి నుంచి వచ్చిన మనవరాలు వీపు మీది సంచి కూడా దించకుండా వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, ఖాళీ డబ్బా నా మొహం ముందు ఊపింది.

"అవ్వా, టీచర్ అందరినీ చప్పట్లు కొట్టమనింది. కొట్టినారు! క్లాసులో కళి ఎత్తుకొని పోయింది నేనొక్కదాన్నే!"

కళి అంటే అరవంలో రాగిసంగటి. ఆ రోజు పిల్లలు ఇంటి నుంచి ఒంటికి మంచిదైన తిండి తెచ్చి చూపించాలని వాళ్ళ బడిలో చెప్పారట. నేను సంగటి ముద్ద, మునగాకు వేపుడు కట్టి పంపాను. ముచ్చట కోసం చేసింది కాదు. పిల్లకు రక్తం తక్కువగా ఉందని ఆస్పత్రిలో అన్నారు. బజారుకు పోతే టమాటా ధర అడగడానికి నోరు రావడం లేదు. పప్పు కొంటే నూనె మానాలి, నూనె కొంటే పండు మానాలి. మునగాకు మాత్రం పెరటి గోడ పక్కన ఊరికే ఉంది. అందుకని కట్టాను.

ఆ పిల్ల నోట కళి అన్న మాట అంత సంతోషంగా వచ్చింది. "సరి, డబ్బా కడుగు" అన్నాను. పిల్ల మొహం ముడుచుకుపోయింది.

"ఏమత్తా, దాన్ని ఒక మాట మెచ్చుకుంటే నీ సొమ్మేం పోతాది?" అంది కోడలు.

నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

మా వీధిలో నాకొక పేరుంది. తోటకూర కాడ పారెయ్యనివ్వని ముసలిదని, గుమ్మడికాయ తొక్కతో కూడా పచ్చడి చేస్తుందని, దాని ముందు అన్నం వదిలితే చెవి మెలేస్తుందని. ధరలు పెరిగినప్పుడల్లా ఆడవాళ్ళు వచ్చి "అక్కా, నువ్వు ఎట్ల సమాళిస్తాండావు?" అని అడుగుతారు. నేను గొప్పగా చెబుతాను. ఉలవలు ఉడికించిన నీళ్ళు ఏం చేయాలో, ఏ గట్టు మీద ఏ ఆకు దొరుకుతుందో చెబుతాను. అందులో నాదంటూ ఒక్కటీ లేదు. అన్నీ మా మేనత్తవి. ఆమెకు నేను చేసింది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో ఇప్పుడు అందరివీ అరవ చదువులే, తెలుగు చదవగలిగిన వాళ్ళు లేరు గనక ధైర్యంగా రాస్తున్నాను. ఆ ధైర్యం ఏపాటిదో నాకు తెలుసు.

నా పుట్టిల్లు మగ్గాల వీధిలో. వీధి చివర నిలబడితే తిరుత్తణి కొండ కనిపించేది. నాయిన గుంట మగ్గంలో కూర్చుని నేసేవాడు. అమ్మ రాట్నం దగ్గర కండెలు చుట్టేది. అత్త నాయినకు అక్క. మొగుడు పోయాక ఒక రేకు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన రోజు నుంచీ పొయ్యి ఆమెదే.

ఆ పొయ్యి మీద రెండు కుండలు ఎక్కేవి. ఒకటి నూలుది, ఒకటి మాది. మగ్గం ఎక్కే ముందు పడుగు దారాలకు, అంటే బట్ట పొడుగునా సాగే పోగులకు, గంజి పట్టించాలి, లేకపోతే నేసేటప్పుడు పటపటా తెగిపోతాయి. రంగు పడుగుకైతే రాగి గంజి పట్టించినా చెల్లుతుంది. తెల్ల పడుగుకు బియ్యపు గంజే కావాలి. బియ్యం మూడు రోజులు నానబెట్టి, పులిసిన తర్వాత రుబ్బి, కాచి, గుడ్డలో వడకట్టేవాళ్ళు. ఆ పులుపు వాసన మా వీధి గోడలకే పట్టేసి ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా గంజి పులిస్తే నాకు మా ఇల్లే గుర్తొస్తుంది. మా ఇంట్లో బియ్యం తినేది నూలు. మేము రాగులు తినేవాళ్ళం, మా వీధి మాటలో కేవురు.

నేను చెప్పే ఏడు బియ్యం ధర కొండెక్కింది. తిన్నె మీద కూర్చున్న ఆడవాళ్ళకు అదే మాట.

"బియ్యం ఏం ధర చెప్పినాడుమే అంగడాయన?"

"అడగాకు. ధర వినే కడుపు నిండిపోయినాది. ఇంగ అన్నం ఎందుకని వచ్చేసినా."

ఆ మాటలు విని అందరూ నవ్వేవాళ్ళు గాని, సాయంత్రానికి ఏం వండాలో ఎవరికీ తోచేది కాదు. మా అత్తకు తోచేది. రోజూ పొద్దు వాలే ముందు కొంగు బిగించి గట్ల మీదికి పోయేది. తిరిగి వచ్చేటప్పటికి ఒడి నిండా ఆకు. పొన్నగంటి, గలిజేరు, తుమ్మి, పాయలాకు, ఏది దొరికితే అది. నాలుగైదు రకాలు కలిపి, గుప్పెడు ఉలవలు వేసి, చింతపండు బదులు చింతచిగురు వేసి ఉడికించేది. సంగటి ముద్ద నడుమ గుంట చేసి ఆ పులుసు పోస్తే ఆవిరి మొహానికి తగిలేది.

పళవేర్కాడు నుంచి ఎండురొయ్యలు అమ్మే ఆమె ఒకతె పొన్నేరి మీదుగా బస్సు పట్టుకుని నెలకొకసారి వచ్చేది. అత్త ఆ గంపలో రొయ్యల వంక చూసేదే కాదు.

"అడుగున రాలినాదే పొట్టు, అది ఏం చేస్తావు?"

"ఏం చేస్తానక్కా, దులిపి పారేస్తా."

"బస్సులో అంత దూరం తెచ్చి పారేస్తావా? ఇట్ల దులుపు, నా కొంగులో."

ఆ పొట్టు వేయించి, ఎండుమిరపకాయతో దంచి, కూజాలో పోసి పెట్టేది. నెలంతా చిటికెడు చిటికెడు. ముద్ద పెట్టేటప్పుడు ఆమె అడిగే మాట ఒకటే. "ఈ పొద్దు పచ్చంది ఏం తిన్నావు? నాలిక చూపించు." నేను వీధిలో చింతాకు నమిలి, పచ్చటి నాలుక చాపి చూపించి తప్పించుకునేదాన్ని. ఆమెకు తెలుసు. "ఈ నాలిక ఎంత పుల్లంగా అబద్ధమాడతాదో చూడుమే" అని అమ్మతో చెప్పి నవ్వేది.

మూడో తరగతి దాకా నేను చదివింది తెలుగు బడిలో. నాలుగుకు అరవ బడికి పంపారు. అక్కడ చేరిన మొదటి వారంలో అయ్యవారు ఒక్కొక్కరినీ లేపి పొద్దున్నే ఏం తిన్నారో అరవంలో చెప్పమన్నాడు. ముందు వరుసలో అందరూ ఇడ్లీ అన్నారు, దోశ అన్నారు. నా వంతు వచ్చింది. సంగటిని అరవంలో ఏమంటారో నాకు తెలుసునని మనసులో పొంగిపోతూ లేచాను.

"కళి సాప్పిట్టేన్" అన్నాను, సంగటి తిన్నానని.

వెనక నుంచి ఒక పిల్ల, "ఎంద జెయిల్లే?" అంది. ఏ జైల్లో అని.

తరగతి తరగతంతా పడీ పడీ నవ్వింది. అయ్యవారు కూడా మీసం చాటున నవ్వుకున్నాడు. నాకు అర్థం కాలేదు. ఎవరికైనా శిక్ష పడి జైలుకు పోతే అరవంలో వాడు కళి తింటున్నాడు అంటారని, ఆ మాట తెలియని తెలుగు పిల్లను నేనొక్కదాన్నేనని తర్వాత తెలిసింది. ఆ నవ్విన పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో రాగులే పొయ్యి మీద ఉడుకుతుండేవి. కాకపోతే వాళ్ళకు బడిలో ఇడ్లీ అనాలని తెలుసు. నాకు తెలియలేదు. అదే తేడా.

అప్పటి నుంచి నా పేరు జైలు. "జైలు వచ్చినాది, దారి ఇడవండి!" "మీ నాయిన్ని ఎప్పుడు వదుల్తారు?" మా నాయిన వీధి దాటి పోవడానికి తీరిక లేక గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా నేసే మనిషి. ఆయన్ను తలుచుకుంటే నాకు జాలి వేయాల్సింది. సిగ్గేసింది.

నేనూ ఇడ్లీ అనడం మొదలుపెట్టాను. ఏ పచ్చడితో అని అడిగితే టెంకాయ పచ్చడి అన్నాను. మరుసటి రోజు పల్లీ పచ్చడి అన్నాను. చెప్పే కొద్దీ రుచులు పెరిగాయి. నేను ఇడ్లీ తిని చూసింది అప్పటికి ఏడాదికి ఒకసారి, దీపావళికే. మధ్యాహ్నానికి అత్త సత్తు గిన్నెలో కట్టిచ్చే సంగటి బడికి చేరేది కాదు. దారిలో ఒకరి ఇంటి ముందు మేక కట్టేసి ఉండేది. దానికి పెట్టేసేదాన్ని. మా ఊరంతా కరువుకు చిక్కిపోతుంటే ఆ ఒక్క మేక మాత్రం బాగా బలిసింది.

"ఏమిమే పాప, ఎముకలు బయట పడతాండాయి? సంగటి తింటాండావా?" అని అత్త నా జబ్బ పట్టి చూసేది.

"తింటాండా."

"గిన్నె నున్నగా ఉండాది. ఒళ్ళు ఎక్కడ పోతాండాది మరి?"

రాత్రుళ్ళు కూడా నేను రాగి ముట్టడం తగ్గించాను. నీళ్ళు తాగి లేచిపోయేదాన్ని. అత్తకు అదొక బెంగ అయింది. నాకోసమని రాగి గంజిలో బెల్లం ముక్క వేసి చూసింది, మజ్జిగ పోసి చూసింది. నేను మొహం తిప్పుకున్నాను.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. మరునాడు తెల్లవారుజామున మా తెల్ల పడుగు వీధిలో చాపి గంజి పట్టించాలి. దానికి మనుషుల్ని పిలవడానికి అమ్మ పక్క వీధికి పోయింది. నాయిన పడుగు మేకులు సరిచూసుకోవడానికి వీధి చివరికి పోయాడు. అత్త గట్ల మీద ఉంది. వంటింట్లో నూలు కుండ చల్లారుతోంది. మూత తీశాను. తెల్లగా, మీగడ కట్టి, వేడి ఇంకా పూర్తిగా పోలేదు.

ఒక చిప్పగరిటె తీసుకున్నాను. గిన్నెలో పోసి ఉప్పు వేసుకుని తాగాను. అంత రుచి నేను మళ్ళీ ఎరగను. రెండో గరిటె తాగాను. తర్వాత లెక్క లేదు. కడుపు బరువెక్కి కళ్ళు తెరిచి చూస్తే కుండ సగానికి దిగిపోయి ఉంది.

భయం వేసింది. పక్కనే మా కుండలో రాత్రికి కాచిన రాగి గంజి నిండుగా ఉంది. గంజికి గంజే గదా అనుకున్నాను. కాని రంగు కనిపిస్తుందే? అప్పుడు నాకు తెలివి పుట్టింది. మిగిలిన తెల్ల గంజిని వేరే గిన్నెలోకి వంచి, ఖాళీ అయిన కుండలో అడుగున చిక్కటి రాగి గంజి పోశాను. దాని మీద తెల్ల గంజి చిన్నగా, అంచు వెంబడి, కలవకుండా పోశాను. పైన తెల్లగా ఉంది. మూత పెట్టేశాను. ఇది ఆకలికి చేసిన పని అని చెప్పుకుందామని చాలాసార్లు చూశాను. తాగింది ఆకలికే. పోసింది ఆకలికి కాదు.

అత్త వచ్చి రాగి కుండ చూసింది. సగం లేదు. నా వైపు చూసింది. నా పెదవుల చుట్టూ గంజి ఆరిన చార ఉందేమో, ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇట్ల చూడుమే! పాప కేవురు తాగినాది! అర కుండ తాగినాది!" అని అప్పుడే ఇంట్లోకి అడుగుపెడుతున్న అమ్మతో చెప్పింది. నా తల రెండు చేతులతో నిమిరి, తన కణతలకు వేళ్ళు ఆనించి మెటికలు విరిచింది. "నేను చెప్పలా, దానికి ఆకలి పుట్టాల గాని తాగతాదని?" ఆ పూట తన వంతు గంజి తగ్గినా, మిగిలిందాంట్లోంచే ఇంకొక్క గ్లాసు నాకు పోసింది. తాగాను. ఆమె చూస్తుండగా మొత్తం తాగాను.

తెల్లవారుజామున ఇంకా మసక ఉండగానే వీధి పొడుగునా పడుగు చాపారు. మేకుల మీద దారాలు తీగెల్లా బిగిశాయి. నలుగురు మగవాళ్ళు కుంచెలు పట్టుకుని అటొకరూ ఇటొకరూ నడుస్తూ గంజి పట్టిస్తున్నారు. అత్త కుండలోంచి ముంతతో ముంచి ఇస్తోంది. సగం పడుగు దాకా తెల్ల గంజి వచ్చింది. తర్వాత అడుగుది వచ్చింది. ఆ మసకలో ఎవరికీ తెలియలేదు. నాకొక్కదానికే తెలుసు. గడపలో కూర్చుని, పొద్దు పొడవకుండా ఉంటే బాగుండునని చూస్తున్నాను.

పొద్దు పొడిచింది. ఎదురింటి ముసలాయన మొదట చూశాడు.

"ఒరేయ్, ఇదేందిరా? దారానికి తామర పట్టినాదా?"

ఒక సగం మల్లెపూవులా ఉంది. రెండో సగం మీద ఎర్రటి మచ్చలు, చారలు, నలుసులు. నాయిన ఒక దారాన్ని వేళ్ళ మధ్య నలిపి నాలుక మీద పెట్టుకున్నాడు.

"కేవురు" అన్నాడు.

అందరూ ముంత పట్టుకున్న అత్త వైపు తిరిగారు. ఆమె కుండలోకి వంగి చూసింది. అడుగున మిగిలింది చూసింది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. నిన్న సాయంత్రం తాను దేనికి సంతోషపడిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ చూపులో కోపం ఉంటే ఈపాటికి నేను మరిచిపోయి ఉండేదాన్నేమో. కోపం లేదు. ఆ సంతోషం పోవడం మాత్రం కనిపించింది.

"నేనే, తమ్ముడా" అంది. "కండ్లు ఆనలా. కుండ మారిపోయినాది."

నాయిన అక్క మీద అరవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా అరవలేదు. మెల్లగానే అన్నాడు, వీధి అంతా విన్నది.

"పడుగుకు కేవురు పోసిన చెయ్యి నాకు కూడు పెట్టే పని లేదు."

ఆ పడుగు మాకు ఇచ్చింది తెల్ల వేష్టులు, అంటే పంచెలు, నేయడానికి. నూలు ఇచ్చే పెద్దాయన వచ్చి చూసి "నేను వేష్టి అడిగితే మేకతోలు నేస్తాండావా?" అని పడుగును చుట్టుకుపోయాడు. ఆ ఏడంతా తెల్ల పని మాకు ఇవ్వలేదు. ముతక చీరల పని మాత్రం దొరికింది.

అత్త మూడు రోజులు వండింది. నాయిన మూడు రోజులు పక్కింట్లో తిన్నాడు. నాలుగో రోజు ఆమె రేకు పెట్టె తీసుకుంది. ఆవడి అనే ఊళ్ళో, ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తెలుగాయన క్వార్టర్సులో వంటకు మనిషి కావాలని ఎవరో చెప్పారట. రైలుకు పోయే ముందు నా దగ్గర ఆగింది. నేను చెప్పేస్తానని అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. "అమ్మకు నీళ్ళు తెచ్చియ్యి, ఒట్టి మనిషి కాదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను కోరుకున్నట్టే అయింది. సంగటి కెలికే ఓపిక అమ్మకు లేదు. రేషన్ బియ్యం రెండు గుప్పెళ్ళు ఉడికించి, మిరపకాయ నూరి పెట్టేది. పూటా అన్నమే. నేను బడిలో అన్నం తిన్నానని నిజంగానే చెప్పేదాన్ని. పులుసు లేదు, ఆకు లేదు, నాలుక చూపించమనే వాళ్ళు లేరు. హాయిగా ఉంది. నిజం చెబుతున్నాను, ఆ రెండు నెలలూ నాకు హాయిగానే ఉంది.

ఆ తర్వాత ఒకరోజు దీపాలు పెట్టే వేళ అమ్మ చెంబులో పోయాల్సిన నీళ్ళు పక్కన నేల మీద పోసింది. ఇంకోరోజు తెరిచి ఉన్న తలుపుకే తల కొట్టుకుంది. నాయినకు చెప్పొద్దంది. పొద్దు వాలితే గోడలు తడుముకుంటూ నడిచేది. కండె మీద దారం ముడి కనిపించక వేలు కోసుకుంది. ప్రసవాలు చూసే నర్సమ్మ వచ్చి కళ్ళు లాగి చూసి "రేచీకటి. కడుపుతో ఉన్న మనిషికి ఆకుకూర పెట్టరా మీరు? మందులు తర్వాత, ముందు ఆకు పెట్టండి" అని కోప్పడింది.

ఆకు కొందామంటే ఆ కరువులో బజారులో కట్ట ధర విని నాయిన చేతులూపుకుంటూ వచ్చాడు. నన్ను గట్టు మీదికి పంపారు. ఏ ఆకు ఏదో నాకేం తెలుసు? ఒడి నిండా పీక్కొచ్చాను. ఎదురింటి ముసలాయన చూసి, "ఇది మేక కూడా తినదు గదమ్మా" అన్నాడు.

అమ్మ నాతో అత్తకు కార్డు రాయించింది. "పొద్దు గుంకితే నాకు కండ్లు అవపడవు వొదినా. ఒకసారి వచ్చి పో." రాశాను. కార్డు అడుగున మూడు వేళ్ళంత జాగా మిగిలింది. నా సంగతి రాయడానికి అది చాలు. కాని అత్తకు చదువు రాదు, ఆ ఇంటివాళ్ళు చదివి చెప్పాలి, వాళ్ళు ఏమనుకుంటారో అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ జాగాలో 'అందరూ క్షేమం' అని రాశాను.

ఆ ఆదివారం ఆమె వచ్చింది. చంకలో మునగాకు మూట. గడప లోపలికి అడుగు పెట్టలేదు. తిన్నె మీదే కూర్చుని ఆకు దూసింది. ఆమె వాకిట ఉన్నంతసేపూ మగ్గం చప్పుడు ఆగలేదు.

తర్వాత "దా, ఆకు చూపిస్తా" అని నన్ను గట్ల మీదికి తీసుకుపోయింది. నేను చాలా దూరం వెనకే నడిచాను.

"అత్తా, ఆ పొద్దు గంజి..."

"ఇది గలిజేరు. తెల్లపూవు ఉండేది కొయ్యి."

"నేనే అత్తా..."

"తెలుసు." ఆమె వంగి కోస్తూనే ఉంది. "నోట్లోంచి రానియ్యాకు. మీ నాయినకు తెలిస్తే ఇస్కూలు మాన్పించి రాట్నం కాడ కూచోబెడతాడు. నేనెట్లాగూ పోయినాను. నువ్వన్నా నాలుగక్షరాలు చదువుకో." కొంచెం ఆగి, "అంత ఆకలైతే నన్ను అడిగితే ఏమిమే?" అంది.

అప్పుడు కళి సంగతి చెప్పాను. బడిలో నవ్విందీ, జైలు అని పిలిచిందీ, మేక సంగతీ చెప్పాను. అత్త నిలబడి విన్నది. ఆమెకూ ఆ అరవ మాట తెలియదు.

"కేవురు తింటే జైలా? అట్లయితే మన వీధి వీధంతా జైలే గదమే" అని నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆవడిలో దినామూ ఇడ్లీలే పోస్తాండా. కమ్మటి సంగటి కోసం నోరు పీక్కపోతాండాది."

చెప్పొద్దని ఆమె అన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఊపిరి ఆడింది.

నెలకు రెండుసార్లు వచ్చేది. తిన్నె మీద నుంచే అమ్మకు ఎట్లా వండాలో చెప్పేది, నాకు ఆకులు చూపించేది. తరిగే ముందు కడగాలి, తరిగిన తర్వాత కడగకూడదు అనేది. మునగాకు నీడలో ఆరబెట్టి పొడి చేయించింది. కొన్ని వారాలకు అమ్మ దీపం వేళ దారం ముడి మళ్ళీ చూడగలిగింది. చెల్లెలు పుట్టింది.

చెల్లెలు పుట్టగానే నన్ను బడి మాన్పించారు. చంటిదాన్ని చూసుకుంటూ కండెలు చుట్టడం అమ్మకు కుదరదు గదా. రాట్నం ముందు నన్ను కూర్చోబెట్టారు. ఏ చదువు కోసం అత్త నా నోరు మూసిందో ఆ చదువు పోయింది. ఇంక దాచాల్సిన పని లేదు. నాయిన మగ్గానికీ నా రాట్నానికీ నడుమ నాలుగు మూరలు. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చున్నాను. మగ్గంలో నాడె ఒక్కసారి అటు పోయి ఇటు వచ్చేలోగా చెప్పేయగలిగిన మాట. అమ్మ ఒక్కోసారి "ఆడబిడ్డ తిన్నె మీద కూచుని పోతాండాది, ఒక్క మాట పిలవకూడదా?" అని నాయినను అడిగేది. ఆయన నాడె ఆపేవాడు. నేను కండె వైపే చూసేదాన్ని. ఆయన మళ్ళీ నాడె విసిరేవాడు.

నాయిన పోయేదాకా ఆమె చేతి ముద్ద తినలేదు. ఆమె దంచి తెచ్చిన పొడి మాత్రం అమ్మ వడ్డిస్తే తినేవాడు. ఆ గంజి పని ఎవరు చేసిందో ఆయనకు తెలుసని ఇప్పుడు అనిపిస్తుంది. ఎవరైనా ఒక మాట చెబితే బాగుండునని ఎదురుచూశాడేమో అని కూడా అనిపిస్తుంది. ఈ ఆలోచన వచ్చిన రోజు నాకు ముద్ద దిగదు.

అత్త పోయింది నాకు పెళ్ళయి పిల్లలు పుట్టిన తర్వాత. ఆవడి నుంచి మా వీధికే తెచ్చారు. పదకొండో రోజు కార్యం అయిపోయాక ఆడవాళ్ళు మా తిన్నె మీద కూర్చున్నారు. వడ్డన చేసి నేనూ వచ్చి కూర్చున్నాను. చావు ఇంట్లో పదకొండో రోజుకు ఏడుపు తగ్గి, పోయిన మనిషి గురించి పాత సంగతులు చెప్పుకోవడం ఉంటుంది.

"ఎంత చెయ్యి గల మనిషి. గట్టు మీది గడ్డి తెచ్చి కూర అంటే కూర అయ్యేది."

"అంత చెయ్యి గలదే తెల్ల పడుగుకు కేవురు తాపినాది గుర్తుందా?"

"దారానికి గూడా రక్తం తక్కువయిందనేమో!"

తిన్నె అంతా నవ్వులు. ఒకామె నా మోకాలు తట్టి అడిగింది. "నువ్వు ఆ పొద్దు ఇంట్లోనే ఉండావు గదమే? ఎట్ల పోసినాదంటావు?"

అందరూ నా వైపు తిరిగారు. నాయిన లేడు. అత్త లేదు. చెబితే నాకు పోయేది ఏమీ లేదు. మాట నాలుక దాకా వచ్చింది.

"కండ్లు ఆనలేదంట, పాపం" అన్నాను.

వాళ్ళు మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికన్నా కొంచెం గట్టిగానే నవ్వాను.